భూమవ్వ వెయ్యని వేలిముద్ర

పెన్‌గంగ ఒడ్డున సావర్‌పల్లిలో విఠల్‌రావు పటేల్ పేరెత్తితే భూమవ్వకు చీదర. పోలీసు యాక్షన్ జరిగిన వారానికే ఆయన నవాబుల నాటి రూమీ టోపీ పెట్టెలో దాచి, ఖద్దరు తెల్లటోపీ పెట్టుకుని, పటాలానికి ఎదురెళ్లి దండలు వేశాడు. ఊరంతా ఆయన వెనకే నడిచింది. మొగుడు పోయాక పటేల్ చేను కౌలుకు చేసుకుంటున్న భూమవ్వ మాత్రం కలుపు తీస్తూ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ వంగింది.

యాభై ఐదులో ఆ ప్రాంతమంతా మరాఠీ రాజ్యంలో కలుస్తుందని పుకారు లేచింది. పటేల్ బావమరిదికి కిన్వట్‌లో పత్తి మిల్లుంది. ఊరూ అటే పోతే తనకు లాభమని ఊరందరి భాషా మరాఠీయేనని పటేల్ అర్జీ రాయించాడు. కౌలు కాగితమని చెప్పి భూమవ్వతోనూ వేలిముద్ర వేయించుకున్నాడు; అసలు సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. మరుసటేడు కిన్వట్ అటు పోతుందనీ, సావర్‌పల్లి ఇటే ఉంటుందనీ తేలిపోయింది. పటేల్‌గిరీ ఎక్కడ ఊడుతుందోనని అందరూ తెలుగువాళ్లేనని ఇంకో అర్జీ తయారుచేశాడు.

విచారణకు అధికారి వచ్చి చావడిలో కూర్చున్నాడు. అందరూ వరసగా వేలు ముంచారు. భూమవ్వ చెయ్యి చాపలేదు.

"పోయినేడు మరాఠీదాన్ని జేసినవ్. గియ్యాల తెలుగుదాన్ని అంటున్నవ్. నేనెయ్య పటేలా."

"అసలు మీ భాష ఏదమ్మా?" అన్నాడు అధికారి.

"ఇంట్ల తెలుగు, అంగట్ల మరాఠీ సారూ. పటేల్ ముంగట ఊరంత మూగోళ్లమే."

పెద్దమనుషులు నేల చూపులు చూశారు. ఆమె మరిది సిద్దిరాములు ముందుకొచ్చి, "మా వదినెకు జర తిక్క సార్, ఏమనుకోకుండ్రి" అని ఇకిలించాడు. అధికారి తెలుగు అని రాసుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా కౌలు పోయింది. ఆ చేను సిద్దిరాములుకే దక్కింది. భూమవ్వ కూలికి పోతూ రోజూ ఆ గట్టు మీదుగానే నడిచేది. అతను పలకరించబోతే తుపుక్కున ఉమ్మేది.

అరవై నాలుగులో డబ్బాలో రహస్యంగా ఓటేసే పంచాయతీ ఎన్నికలొచ్చాయి. పటేల్ తన వార్డులో నిలబడి గెలిచాడు. లెక్కింపు అయిన పొద్దున పక్కింటి పోశవ్వ వచ్చి, ఇరవై మూడు ఓట్లు ఆయనకు వ్యతిరేకంగా పడ్డాయని చెప్పింది.

"ఇరవై మూడా? నేనొక్కదాన్నే అనుకున్న గదనే" అంది భూమవ్వ.

కాసేపు ఆమె ముఖం వెలిగింది. తర్వాత మెల్లగా గట్టిపడింది.

"డబ్బల ఏసెటందుకున్న ధైర్యం ఆనాడు చావడిల యాడ వోయిందే?"

పోశవ్వ ఓటెవరికేసిందో భూమవ్వ అడగలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, కొడవలి తీసుకుని, పోశవ్వకంటే ముందే వాకిలి దాటింది.