హసన్‌పర్తి బెండతోటలో పెళ్లిచూపులు

నవంబరు 18, మంగళవారం. హసన్‌పర్తిలో కూరగాయలు పండించే సంపత్‌ను చేసుకుంటానని మా మనవరాలు మౌనిక అంటోంది. ఇద్దరూ వ్యవసాయ డిప్లొమా కలిసి చదివారు. వాళ్ల నాన్న, అంటే నా కొడుకు, ససేమిరా అన్నాడు. చివరికి, "నువ్వు చూసొచ్చి సరేనంటే ఆలోచిస్త అమ్మా" అని నిర్ణయం నా మీద పెట్టాడు. వెళ్లి వచ్చాను. రేపటికి జ్ఞాపకం తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది కాబట్టి ఈ సాయంత్రమే రాస్తున్నాను.

డోర్నకల్‌లో ఆరు పదికి రైలెక్కితే ఏడు ముప్పై అయిదుకు వరంగల్. టికెట్ నలభై అయిదు రూపాయలు. స్టేషన్ ఎదుటే బస్టాండు. హన్మకొండలో బస్సు మారాలి. ఆధార్ కార్డు చూపితే రెండింటిలోనూ ఆడవాళ్లకు జీరో టికెట్టే. హసన్‌పర్తి నుంచి తోటకు రెండు కిలోమీటర్లు, ఆటోకు అరవై. దారి చెప్పబోతుంటే ఆటో అతను, "సదువుకున్న పిలగాని బెండతోటనే గదా" అన్నాడు. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎగతాళి ఎంతో తేల్చుకోలేకపోయాను.

తొమ్మిదికి చేరాను. సంపత్ దురద పట్టకుండా చేతులకు పాత సాక్సులు తొడుక్కుని బెండ సాళ్ల మధ్య ఉన్నాడు. నమస్కారం పెట్టి, "జర అర్ధగంట కూసోండి నానమ్మా, పదింటికల్లా హాస్టల్‌కు కాయ పోవాలె" అని మళ్లీ వంగాడు. చూపులకు వచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టి పనిలోకి వెళ్లడం నాకు నచ్చలేదు. అర్ధగంట అన్నది నలభై నిమిషాలైంది. పక్కన కాయలు ఏరుతున్న కూలిమనిషి లచ్చమ్మ మాట కలిపింది. ఇంతకుముందు రెండు సంబంధాలవాళ్లు వచ్చారట. ఇల్లు చూసి, చాయ్ తాగి, జీతమెంతని అడిగి వెళ్లిపోయారట. "బండెడు కాయ తెంపుతాండు గని పిల్లనిచ్చెటోడు దొరుకుతలేడు. మీరన్న చాయ్ తాగకుండ కూసున్నరు" అని నవ్వింది.

కాయల ట్రాలీ వెళ్లాక నష్టం ఎప్పుడొచ్చిందో చెప్పమన్నాను. సంపత్ దాచలేదు. పోయిన ఏడు రెండెకరాల్లో ఒకేసారి టమాటా పెట్టాడట. కాపు వచ్చేసరికి ధర పడిపోయి, తెంపే కూలి కూడా రాదని అలాగే దున్నేశాడు. ఇప్పుడు పదిహేను రోజులకొక పావెకరం చొప్పున విత్తుతున్నాడు. ఒక మడి ముగిసేలోపు ఇంకొకటి కాపుకొస్తుంది. ఈ లెక్క వేసి ఇచ్చింది మౌనికేనట. మాకెవ్వరికీ చెప్పలేదు.

భూమి సొంతం కాదు, కౌలుది. యజమానితో ఎన్నాళ్లకు రాసుకున్నావని అడిగాను. మొదటిసారి తల దించాడు. "ఉగాది దాక. అటెనుక ఇస్తడో, ప్లాట్లు కొడ్తడో తెల్వది నానమ్మా. గదొక్కటే ఫికరు."

నా భర్తది రైల్వే ఉద్యోగం. జీతం తప్పకుండా వచ్చేది, బదిలీ చెప్పకుండా వచ్చేది. ఏడు క్వార్టర్ల పెరళ్లలో బీరపాదు పెట్టాను. నాలుగుచోట్ల పూత మాత్రం చూసి సామాను కట్టుకున్నాను. ఆ కాయలు ఎవరు కోసుకున్నారో, లేతగా కోశారో, ముదరనిచ్చారో ఇప్పటికీ తెలియదు. తిరుగు రైలులో నా ధ్యాసంతా ఆ పెరళ్లలోనే ఉంది. వాళ్ల నాన్నది లాంటి స్థిరమైన ఉద్యోగమున్న వరుడు కావాలని నా కొడుకు అంటాడు. అందులో స్థిరంగా ఉన్నది జీతమే, మేము కాదు. విత్తిన చేత్తోనే కోసుకునే బతుకు కావాలని ఆ వయసులో నేను ఎవరితోనూ అనలేదు. మౌనిక అంటోంది.

ఇలాంటి సంబంధం చూడబోయేవారికి ఒక్క మాట. ఇంటికి వెళ్లడానికి మంచిరోజు చూసుకోండి, తోటకు మాత్రం కోత రోజు కనుక్కుని వెళ్లండి. బెండ రోజు విడిచి రోజు కోస్తారు.

ఇక జరగవలసినవి:

1. గురువారం కోతకు నా కొడుకు స్వయంగా వెళ్లాలి.
2. ముహూర్తం కంటే ముందు కౌలు కాగితం రాయించాలి, అయిదేళ్లకు తగ్గకుండా. భూమి యజమానితో నేనే మాట్లాడతాను.
3. ఆయన ఒప్పుకోకపోతే వేరే నేల వెతకాలి. వేరే వరుణ్ణి కాదు.