బెల్లం ముట్టని రోజు

మా ఆయనకు బెల్లం అంటే ప్రాణమని ఆరేళ్ళు నమ్మాను. గని నుంచి రాగానే, వాకిట్లో చెప్పులు విడుస్తూనే చెయ్యి చాచేవాడు. డబ్బాలోంచి నిమ్మకాయంత ముక్క తీసి పెట్టేదాన్ని. అల్లుడికి ఇష్టమని మా అమ్మ గౌనిపల్లి నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ చేత బెల్లం పంపేది. ఎంత మురిసిపోయామో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా పెదనాన్న గని లోపల పనిచేసి, రొమ్ములో దుమ్ము పట్టి, మా ఇంట్లోనే దగ్గి దగ్గి పోయాడు. అందుకే గనిలోకి దిగేవాణ్ణి చేసుకోనని పెళ్ళికి ముందే చెప్పాను. ఈ సంబంధం తెచ్చింది మా అన్న. "దిగే పని కాదమ్మా, పైన స్టోర్‌లో సామాన్లు ఇచ్చే పని," అన్నాడు. పెళ్ళిచూపుల్లో ఆయనా అదే చెప్పాడు. పెళ్ళయ్యాక గనివాళ్ళు ఉండే లైన్లలో ఇల్లు వద్దని, రాబర్ట్‌సన్‌పేటలో బట్టల అంగళ్ళ మధ్య అద్దెకు తీసుకున్నాడు. బజారు దగ్గరని నేను సంబరపడ్డాను. ఆ వీధిలో గని మనిషి ఒక్కడూ లేడని అప్పట్లో తోచలేదు.

మా అన్న జీవిత బీమా ఏజెంటు. మా ఆయన పేరున పాలసీ చేయిస్తానని, డాక్టరు పరీక్షకు ముందురోజు సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఎట్లా నిలబడాలి, ఎట్లా ఊపిరి పీల్చాలి, అన్నీ నేర్పించాడు. పెళ్ళికొడుకును చేస్తున్నట్టుంది ఆ హడావిడి. నేను కాఫీ కలుపుతూ నవ్వుకుంటున్నాను.

"ఇంగ రేపు పరీక్ష అయ్యేదాకా బెల్లం ముట్టొద్దు బావా. యూరిన్‌లో చక్కెర కనబడితే కష్టం," అన్నాడు అన్న.

"బెల్లం లేకుంటే ఎట్లప్పా? గొంతులో దుమ్ము దిగొద్దా?" అన్నాడు మా ఆయన.

లోపలికి దిగేవాళ్ళందరూ చెప్పే మాట అది. మా పెదనాన్న కూడా చెప్పేవాడు. ఈయన నోటికి అలవాటై జారింది.

"స్టోర్‌లో యాడుండాది దుమ్ము?" అన్నాను.

ఆయన నేలచూపులు చూశాడు, సరే. మా అన్న కూడా నేలచూపులే చూశాడు. అక్కడ నా గుండె పగిలింది.

"నీకు ముందే తెలుసా అన్నా?"

"చెప్పింటే చేసుకుంటావా నువ్వు? మంచి మనిషి, పర్మనెంటు పని. నీ మంచికే చేసినాను."

నా మంచికట. పెదనాన్న ఉమ్ముగిన్నె నాకంటే ఎక్కువసార్లు ఎత్తిపోసింది మా అన్నే.

మరునాడు పట్టుబట్టి నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, "ఏం పని?" అని అడిగాడు.

"స్టోర్‌లో సార్, పైన," అన్నాడు మా ఆయన.

తడబాటు లేదు, నీళ్ళు నమలడం లేదు. పెళ్ళిచూపుల్లో మా నాన్నకు చెప్పిన గొంతే అది. ఆ ఒక్క జవాబు మా అన్న నేర్పించాల్సిన పని లేకపోయింది, ఆరేళ్ళుగా నా దగ్గర సాధన చేస్తూనే ఉన్నాడు. డాక్టరు తల ఊపాడు. నేను నోరు విప్పితే పాలసీ పోతుంది. అట్లా నన్ను కూడా తమలో కలిపేసుకున్నారు ఇద్దరూ.

ఇంటికి రాగానే ఆయన చెప్పులు విడుస్తూ అలవాటుగా చెయ్యి చాచాడు.

"స్టోర్‌లో పనిచేసేవాళ్ళకి బెల్లం దేనికప్పా?" అన్నాను.

జవాబు చెప్పబోయాడు, దగ్గు వచ్చింది. పెదనాన్నకు వచ్చినట్టే, లోపల్నుంచి. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

డబ్బా మూత తీశాను. ఆ దగ్గు ఇంట్లో మళ్ళీ వినలేను.