మెహర్ పేరు మీద నొక్కితే

నజీర్‌కు మనుషులు తక్కువ, పేర్లు ఎక్కువ. చిలకలూరిపేటలో ఒక పత్తి కంపెనీ హెడ్డాఫీసులో, ఏసీ చప్పుడు తప్ప పలకరించే దిక్కు లేని గదిలో, ఉద్యోగులందరి పేర్లూ ఫోన్ నంబర్లూ దాచిన పాత సర్వరు అతని చేతికింద ఉంటుంది. మనవైపు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో పెట్టిందది. ఎవరైనా కంప్యూటర్లో రెండక్షరాలు కొడితే చాలు, పేరూ నంబరూ వెతికి ఇస్తుంది. పేరు మీద నొక్కితే ఫోన్ కలుపుతుంది. వినుకొండ, దాచేపల్లి, సింగరాయకొండ బ్రాంచీల్లో దానికి నకళ్లున్నాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, పెద్ద సర్వరులో ఏది మారిస్తే నకళ్లు కిమ్మనకుండా అదే మార్చుకుంటాయి.

అతని పెళ్లి కూడా ఈ సర్వరు చలవే. వినుకొండ బ్రాంచిలో మెహర్ కొత్తగా చేరినప్పుడు, ఈ బద్ధకిష్టి ఆమె వివరాలు కొత్తగా ఎక్కించకుండా, తన వివరాలకే నకలు తీసి పేరు మార్చాడు. నంబరు మార్చడం మరిచిపోయాడు. ఆమెకు రావలసిన ఫోన్లన్నీ ఇతనికొచ్చాయి. పత్తి వ్యాపారుల చేత తిట్లు తిని, ఒక్కొక్కటీ ఆమెకు కలుపుతూ క్షమాపణ చెప్పుకునేవాడు.

"నా మూలంగా మీకు తిట్లెందుకండీ, ముందు ఆ నంబరు మార్చండి," అందామె.

మార్చాడు. దాంతో ఫోన్ చెయ్యడానికి సాకు లేకుండా పోయింది. ఇక సంబంధం అడగమని పెద్దవాళ్లను పంపాడు.

మెహర్ కిందటేడు జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. నజీర్ ఆమె పేరు తీసెయ్యలేదు సరికదా, ఈసారి తెలిసే దానికి తన నంబరు పెట్టుకున్నాడు. సంగతి తెలియనివాళ్లు ఎప్పుడైనా నొక్కేవారు. "మెహర్ గారున్నారాండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారని టీకి కూడా బయటికి వెళ్లేవాడు కాదు. పిచ్చి అంటే అనండి, ఆ పేరు ఇంకొకరి నోట వినడానికి అతనికి మిగిలిన దారి అదొక్కటే.

పోయిన వారం పైనుంచి ఆర్డరు వచ్చింది. ఉద్యోగంలో లేనివాళ్ల పేర్లు తీసెయ్యాలి. కాదనడానికి అతనెవరు? తీసేశాడు.

మర్నాడు వినుకొండ నుంచి సుబ్బరావమ్మ ఫోన్ చేసింది. మెహర్ కుర్చీలో ఇప్పుడు కూర్చునేది ఆవిడే. "ఇక్కడ కొత్త మార్పులేమీ రావట్లేదండీ. మొన్న రోడ్డు తవ్వి కేబుల్ తెంపారు. అతికించారు గానీ, మీరొచ్చి సర్వరుకి కలపాలంట."

వెళ్లాడు. కేబుల్ చేత్తో పట్టుకునే రెండక్షరాలు కొట్టాడు. మెహర్ పేరు వచ్చింది. ఈ నకలుకు ఇంకా కబురందలేదు. కేబుల్ పెడితే అందుతుంది, ఇక్కడా పేరు పోతుంది.

పేరు మీద నొక్కాడు. ఫోన్ లైను వేరే కాబట్టి రింగు వెళ్లింది.

"ఎవరికండీ?" అంది సుబ్బరావమ్మ.

"మా ఆవిడకి."

సుబ్బరావమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి బల్లమీద పెట్టింది.

చిలకలూరిపేటలో తాళం వేసిన గదిలో అతని ఫోన్ మోగుతోంది. ఎత్తాల్సినవాడు ఇక్కడ రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. మోగి మోగి ఆగిపోయింది. నజీర్ కేబుల్ పెట్టేశాడు.