ఒక ఎరుపు కోసం కొన్న మానిటర్

కోచ్‌కోర్ ఊళ్ళో మైరంకన్ ఎరుపు అంటే తెలియనివాళ్ళు లేరు. మంజిష్ఠ వేళ్ళు ఉడికించి ఆమె తీసే ఆ రంగును పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి అడిగేవాళ్ళు. అలాంటి మనిషి ఈ వసంతంలో రంగు వేయడం మానేసింది. "కన్ను పోయింది, కన్నుతోపాటు చెయ్యీ పోయింది," అని ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. రోజూ టీ పెడుతుంది, పెరుగు తోడేస్తుంది, పొరుగువాళ్ళతో నవ్వుతూనే మాట్లాడుతుంది. ఎవరైనా ఉన్ని తెచ్చి గుమ్మంలో నిలబడితే మాత్రం, "బజార్లో రంగు పొట్లాలు దొరుకుతున్నాయిగా, ఇంకా నేనెందుకమ్మా," అని పంపించేస్తుంది.

ఆ మాట వినబడినప్పుడల్లా కోడలు బురుల్‌కి గుండె చివుక్కుమనేది.

నరీన్ పట్నంలో రెండేళ్ళు బొమ్మలు గీయడం నేర్చుకుని ఈ ఇంటికి వచ్చిన పిల్ల బురుల్. భర్త ఎర్కిన్ రోడ్ల పనిమీద ఎక్కువగా బయటే ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళే. శిర్దాక్ తివాచీలు చేయడం మొత్తం అత్తే నేర్పింది. రెండు రంగుల ఫెల్టు, అంటే ఉన్నిని అదిమి చేసిన దళసరి గుడ్డ, ఒకదానిమీద ఒకటి పరుస్తారు, సుద్దతో గీసిన నమూనా వెంట రెండింటినీ కలిపి కోస్తారు. ఎరుపులో కోసిన కొమ్ము ఆకారం గోధుమరంగు గుంటలోకి, గోధుమరంగు కొమ్ము ఎరుపు గుంటలోకి వెళ్తాయి. అలా ఒక్క కోతకు రెండు తివాచీలు పుడతాయి, కవల పిల్లల్లా. పీలిక కూడా వృథా పోదు. రంగు తప్పితే కూడా అంతే, ఒక్కటే కాదు, రెండూ తప్పుతాయి.

సుద్ద పట్టే చోట కంప్యూటర్ పెట్టింది బురులే. ఏదో ఆఫీసువాళ్ళు తీసేసిన పాత మానిటర్ ఒకటి, తెరిచిన బొమ్మ నిండడానికి టీ తాగి వచ్చేంతసేపు పట్టే పెట్టె ఒకటి. అయినా పని జరిగింది. జర్మనీలో ఒక దుకాణం బొమ్మ చూసి ముచ్చటపడి ఒక జత అడిగింది. తివాచీలు చేరాక మర్యాదగానే కబురు వచ్చింది: పనితనం గొప్పగా ఉంది, కానీ బొమ్మలో ఉన్న ఎరుపు ఇది కాదు, అద్దకంలో ఏదో లోపం జరిగింది. ఇంకో జత కావాలి, బొమ్మకూ తివాచీకీ రంగు కలుస్తుందంటేనే.

ఆ కబురు అత్తకు చెప్పకూడదనే అనుకుంది బురుల్. ఫోన్లో ఎర్కిన్‌తో మాట్లాడుతుంటే ఆమె చెవిన పడింది. మైరంకన్ ఎవర్నీ ఏమీ అనలేదు. లోపం అద్దకంలో అన్నారు, అద్దింది తను. అంతటితో సరి.

నిజంగా అత్త కన్ను మసకబారిందా, లేక తప్పు ఇంకెక్కడైనా ఉందా? అది బురుల్‌కి తేలలేదు. తేలకుండా ఏమని ఓదారుస్తుంది? అత్త మాటకు ఎదురు చెప్పే కోడలు ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు. చివరికి, తప్పు కంప్యూటర్‌దేమో చూడాలని రెండు గొర్రెలు అమ్మి, బొమ్మ ఉన్న పెన్‌డ్రైవూ, ఆ తివాచీల్లో మిగిలిన ఎర్ర ఫెల్టు ముక్కా సంచీలో వేసుకుని బిష్కెక్ పట్నానికి బయల్దేరింది.

కంప్యూటర్ బజారులో మూడో అంతస్తులో తాలాయ్ అనే కుర్రాడి దుకాణం. ఉంగరాల జుట్టు, నోటినిండా పొద్దుతిరుగుడు గింజలు.

"గ్రాఫిక్స్ కార్డు కావాలి తమ్ముడూ. పెద్దది," అంది బురుల్. "రంగులు సరిగ్గా రావాలి."

"రంగులకి కార్డెందుకు ఎజే?" అన్నాడు, అక్కా అని పిలిచే వరసలో.

"మా మరిది చెప్పాడు, రంగు తెచ్చేది కార్డేనని."

"మీ మరిది ఏం చేస్తుంటాడు?"

"ట్రాక్టర్ నడుపుతాడు."

"మరి ట్రాక్టర్ గురించి అతన్ని అడగండి, దీని గురించి నన్నడగండి." గింజల పొట్టు పక్కకి ఊశాడు. "కార్డు బొమ్మని తొందరగా తెస్తుంది, అంతే. రంగు చూపించేది మానిటర్. మీరు ఆటలాడతారా? సినిమాలు తీస్తారా?"

"శిర్దాక్ నమూనాలు గీస్తాను."

"గీతలూ, రంగులూ. దానికి ఈ చిన్న కార్డు చాలు, వాడినదే, మంచిది. ఆ పెద్దది మీ పెట్టెకి పెడితే కరెంటు చాలక పెట్టె గుడ్లు తేలేస్తుంది. మిగిలిన డబ్బు మానిటర్ మీద పెట్టండి."

బురుల్‌కి అనుమానం వచ్చింది. పెద్ద కార్డు ధర వింటే నాలుగు గొర్రెలు కళ్ళముందు వరసగా నడిచి వెళ్ళిన మాట నిజమే. అయినా తక్కువ ఖరీదుది కొనుక్కోమనే దుకాణదారుణ్ని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నా దగ్గర డబ్బు లేదనుకుంటున్నావా?"

"అయ్యో ఎజే! మళ్ళీ మోసుకొచ్చి నన్ను తిడతారని చెప్తున్నా. మా అమ్మ కూడా మీలాగే, తియ్యటి పుచ్చకాయ ఇచ్చినా దీన్లో ఏదో ఉంది అంటుంది."

నవ్వొచ్చింది బురుల్‌కి. మానిటర్లు చూపించమంది. గోడ పొడుగునా ఉన్నాయి. వంపు తిరిగిన పెద్దది ఒకటి కళ్ళు జిగేల్‌మనేలా వెలుగుతోంది. "ఇది," అంది చెయ్యి చాపి.

"ఇది పెళ్ళిలో పెట్టే మిఠాయిలాంటిది. దుకాణంలో మెరవాలని వెలుగు పెంచి పెట్టాం. మీ బొమ్మ ఇటివ్వండి."

బొమ్మను గోడమీది తెరలన్నిటికీ పంపాడు తాలాయ్. ఒక్కసారిగా వరసంతా ఆమె తివాచీయే. ఒక్కొక్క తెరమీద ఒక్కొక్క ఎరుపు. ఒకచోట నిప్పులా ఉంది, ఒకచోట బీట్‌రూట్ రసంలా. బురుల్ సంచీలోంచి ఫెల్టు ముక్క తీసి మెరిసే తెర పక్కన ఆనించింది. ఆ వెలుగుపక్కన అత్త ఎరుపు కడిగేసిన మట్టిలా కనబడింది. ఆమె ప్రాణం ఉసూరుమంది. అత్త అన్నదే నిజమా? చెయ్యి పోయిందా?

"దాని పక్కన పెడితే గులాబీ పువ్వు కూడా ఎండిపోయినట్టే ఉంటుంది," అన్నాడు తాలాయ్. "ఇలా రండి." మూలనున్న మానిటర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. సాదా నల్ల చట్రం, మెరుపు లేదు. "ఐపీఎస్ ప్యానెల్, ఏ పక్కనుంచి చూసినా రంగు మారదు. ఫ్యాక్టరీలో రంగు కొలిచి పంపుతారు. చూడ్డానికి పేదది గాని అబద్ధం చెప్పదు."

దాని మీద తివాచీ చెర్రీపండు రంగులో ఉంది.

ఆ చెర్రీ రంగు ఇదివరకు చూసిందే. తన ఫోన్లో. బొమ్మ జర్మనీకి పంపేముందు ఫోన్లో తెరిస్తే ఇలాగే కనబడింది. ఫోన్లు అందర్నీ అందంగా చూపిస్తాయి కదా, అని కొట్టిపారేసింది. ఇప్పుడు ఫోన్ తీసి మానిటర్ పక్కన పెట్టింది. రెండూ ఒకటే.

బురుల్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. రంగు ఎప్పుడూ పక్కన పెట్టి కలుపుకోవాలని అత్త నేర్పింది. నేర్పినట్టే ఫెల్టు ముక్కను పాత మానిటర్‌కి ఆనించి, రెండూ ఒకలా కనబడేదాకా బొమ్మలో రంగు సవరించింది. ఆ తెర పసుపుబారిపోయిందని తెలియక, చాలట్లేదు చాలట్లేదనుకుంటూ ఎరుపును చెర్రీ దాకా తోసింది. జర్మనీవాళ్ళు ఆ చెర్రీనే చూశారు, అదే అడిగారు. అత్త ఎప్పుడూ వేసే ఎరుపే వేసింది.

"ఏమైంది ఎజే? కళ్ళెందుకలా…"

"ఏం లేదు. ఇదే ఇవ్వు. ఆ చిన్న కార్డు కూడా. తగ్గించు."

"ఏడుస్తూ బేరమాడేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా," అంటూనే తగ్గించాడు.

ఊరికి వచ్చే వ్యానులో మానిటర్ పెట్టెను ఒళ్ళోంచి దించలేదు. "ఆ పాపకి టిక్కెట్టు తీశావా కోడలుపిల్లా?" అని వెనకనుంచి ఒక ముసలాయన అడిగితే వ్యానంతా నవ్వింది. బురుల్ కూడా నవ్వింది గాని ఆలోచనంతా ఇంటి మీదే ఉంది. తప్పు నాది అని చెప్పడం కష్టం కాదు. అత్త నమ్మాలి కదా. తనను ఊరడించడానికి కోడలు నింద మీద వేసుకుంటోందని అనుకుంటుంది.

అందుకే ఏమీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కిటికీ పక్కన కొత్త మానిటర్ అమర్చి, ఆ బొమ్మ తెరిచి, ఫెల్టు ముక్కను దాని పక్కనే పెట్టి అత్తను పిలిచింది. "అపా, ఒకసారి ఇటు వస్తారా?"

మైరంకన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెరను చూసింది. ముక్కను చూసింది.

"ఈ చెర్రీపండు ఎవరిది?"

"నాదే అపా. నేను పంపిన బొమ్మ ఇది. పాత తెరలో ఇలా కనబడలేదు."

ముసలామె బల్ల దగ్గరికి జరిగి కూర్చుంది. "తగ్గించు దాన్ని."

బురుల్ మౌస్ కదిపింది.

"ఇంకా. అంత కాదే, చంపేశావు. వెనక్కి రా. కాస్త గోధుమరంగు కలుపు… ఆఁ, వెలుగు తగ్గించు. కొంచెం. ఆగు!"

బురుల్ చెయ్యి ఆగింది. తెరకూ ఫెల్టుకూ మధ్య తేడా ఆమెకు కనబడలేదు.

"ఇంకో వెంట్రుకంత పసుపు," అంది మైరంకన్.

బురుల్ వేసి చూసింది. అప్పుడు తెలిసింది, అంతకుముందు వరకూ ఆ వెంట్రుకంత తేడా ఉందని.

"మీ కన్ను బాగానే ఉంది అపా," అంది బురుల్. "తప్పు నాదని వాళ్ళకి ఇవాళే చెప్తాను."

"అలా చెప్పకు. మా ఇంట్లో పొరపాటు జరిగింది అను. ఇంటిదంటే అందరిదీ." మైరంకన్ ఫెల్టు ముక్కను వేళ్ళతో నిమిరింది. "ఆ కబురు నాకు చెప్పకుండా దాచావు చూడు, అది మాత్రం నీ ఒక్కదాని తప్పే. అది చాటుగా విని ఇన్ని నెలలు నేను గుడ్డిదాన్నయ్యాననుకున్నాను."

"భయమేసింది అపా."

"నాకు వెయ్యలేదా?"

బురుల్ తల వంచుకుంది. ముసలామె ఆ తలమీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, లేచింది.

"రేపే ఎరుపు వేస్తాననుకోకు. చెయ్యి బిగుసుకుపోయింది. ముందు పసుపు రంగు వేస్తాను, అది తప్పినా ఎవరూ ఏడవరు. రంగు పట్టడానికి పటిక ఉందా ఇంట్లో?"

"లేదు అపా."

"మరి ఇంకా కూర్చున్నావేం? బజారు తెరిచే ఉంటుంది."