రేర్ ఎర్త్ ఉందాండి?

పొద్దున్నే మేడ మీద సోలార్ పలకలు కడుగుతుంటే తడిసిన దుమ్ము వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నిరుడు పోయిన మా విశ్వనాథం గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో తాతల నాటి మోటార్ల కొట్టు ఆయనది. సోలార్ సామాను కూడా పెట్టాక, కొనేవాళ్లకు వివరాలు చెప్పడానికి నన్ను పనిలో పెట్టుకున్నారు. చెప్పడమైతే చెప్పేదాన్ని గానీ, సగం నాకే అర్థమయ్యేది కాదు.

ఒకసారి కంపెనీ మనిషి వచ్చి, ఈ పలకల్లో రేర్ ఎర్త్ ఉందని అందరికీ చెప్పమన్నాడు. చిలకలా అదే పలికాను. కోరుకొండ నుంచి వచ్చిన రైతు ఒకాయన సంబరపడిపోయాడు. "అయితే మామూలు ఎర్త్ అక్కర్లేదాండి? గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వేసే పని తప్పినట్టేగా!" మా వైపు ఎర్త్ అంటే షాక్ కొట్టకుండా కరెంటును భూమిలోకి దింపే తీగ. నేను యజమాని వైపు తిరిగాను. విశ్వనాథం గారు నవ్వేసి, "మా అమ్మాయికీ తెలీదు, నాకూ తెలీదండి. గొయ్యి మాత్రం తియ్యండి," అన్నారు. యజమానే అలా అనేస్తే కొట్టు పరువేం కావాలని నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత సముద్రపు ఒడ్డు నుంచి నూకాలమ్మ వచ్చింది. చేపలమ్మి ఇల్లు కట్టుకున్న మనిషి. పలకలు చూసింది, తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాను కూడా ఎంచుకుంది. నా చిలకపలుకు వినగానే ఆమె మొహం మారిపోయింది.

"మా ఒడ్డున నల్లిసుకలో ఉందంటున్నారు, అదేనాండి? దానికోసం ఒడ్డంతా తవ్వేత్తారంట. పడవలు నిలిపేదీ వలలారేసుకునేదీ అక్కడేనండి. ఇయ్యి కొంటే నా ఒడ్డు నేనే తవ్వించుకున్నట్టు కదండీ!"

తీగ అనుకున్నది కాస్తా ఇసుకైంది. విశ్వనాథం గారు ఆమె ముందే కంపెనీకి ఫోన్ చేశారు. ఒకడు ఉందన్నాడు, ఇంకొకడు లేదన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను గొణుక్కున్నాను. ఆయన మాత్రం, "నాకు తెలీదమ్మా. తెలుసుకుని నేనే మీ ఊరొచ్చి చెబుతాను. అందాకా నీకు అమ్మను," అన్నారు.

కనపడినవాళ్లనల్లా అడిగారు. ఇళ్ల మీద పెట్టే పలకలు చాలావరకు సిలికాన్‌తో చేసినవనీ, వాటికి రేర్ ఎర్త్‌తో పనిలేదనీ చివరికి తేలింది. పేరుకు ఎర్తే గానీ అవి లోహాలట. గట్టి అయస్కాంతాల్లో వాడతారట. హమ్మయ్య అనుకుని సామానంతా వ్యాన్‌లో వేసుకుని నూకాలమ్మ ఊరు వెళ్లాం. పలకల సంగతి చెప్పి ఆయన ఊరుకోవచ్చు కదా! "ఫ్యాన్లో అయస్కాంతం ఉందమ్మా. అందులో ఆ లోహం ఉందో లేదో కంపెనీవాళ్లే చెప్పలేకపోతున్నారు," అన్నారు.

అడగని మాట ఎందుకు చెప్పారో నాకు తెలియలేదు. నూకాలమ్మ ఒడ్డువైపు చూసింది. "పలకలు దింపండి. ఫ్యాను మాత్రం పట్టుకెళ్లిపోండి," అంది.

దారిలో అడిగాను. "ఇప్పుడు మనం చేసింది మంచేనాండి?"

"ఏమోనమ్మా. ఆవిడ ఒడ్డు సంగతి ఆవిడ దగ్గర దాచలేదు. నాకు తెలిసింది అంతే."

ఎండతో కరెంటు తీయడం మంచిదే. ఆ కరెంటుతో తిరిగే ఫ్యాను కోసం ఎవరి ఒడ్డు తవ్వుతున్నారో నాకిప్పటికీ తెలియదు. ఆలోచించిన కొద్దీ బుర్ర వేడెక్కుతుంది. ఇప్పుడు నాకూ ఒక చిన్న కొట్టుంది. కొనడానికి వచ్చినవాళ్లు అలాంటిదేదైనా అడిగితే, "నాకు తెలీదండి," అంటాను. అన్న ప్రతిసారీ గొంతు తడబడుతుంది. ఆయన గొంతు ఒక్కసారి కూడా తడబడగా నేను వినలేదు.