కెమెరా కళ్లకి పసుపు

జూన్ తొమ్మిది, సోమవారం. పలాసలో పొద్దున్న ఎనిమిదికే చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్క. సముద్రం వైపు నల్లగా మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. ఆ రోజే మా నలభై ఏళ్ల జీడిపప్పు ఫ్యాక్టరీ ఆధునిక యుగంలో అడుగుపెట్టింది. దాని కాలికి అడ్డుపడింది మాత్రం నేనే.

పప్పుని రంగు చూసి వేరుచేసే మిషన్ కొన్నాం. చేత్తో ఏరిన పప్పు ఇక కొననని మా పాత బేరగాడు, బరంపురం సాహు గారు తేల్చేశారు. మిషన్ పని నచ్చితే ఏడాది ఆర్డరు, లేకపోతే మా గేటుకి తాళం. మా అబ్బాయి "అమ్మేద్దాం నాన్నా" అన్నాడు. అమ్మాయి సుజాత పట్టుబట్టి మిషన్ తెప్పించింది. నేను బి.కాం. చదివే రోజుల్లో, కాలంతో మారని వ్యాపారం మునుగుతుందని ఒక లెక్చరర్ తెగ చెప్పేవారు. ఆయన పెట్టిన సైకిల్ షాపు రెండేళ్లకే మునిగింది. సరే, అది వేరే సంగతి.

మిషన్ బిగించిన ఇంజినీరు వెళ్తూ, "లోపల కెమెరా గాజు ముట్టుకోకండి సార్" అన్నాడు. ముట్టుకోకుండా పూజ ఎలా అవుతుంది? మా దగ్గర కాటాకి బొట్టు, లారీకి బొట్టు, బాయిలర్‌కి బొట్టు. కెమెరాలు దాని కళ్లట. కళ్లున్నదానికి బొట్టు మానేస్తే బాగుంటుందా? సుజాత సాహు గారి కోసం స్టేషన్‌కి వెళ్లగానే మిషన్ తలుపు తీసి, గాజు నిండా పసుపు రాసి కుంకం దిద్దాను. కళగా ఉంది.

సాహు గారొచ్చారు. స్విచ్ వేశాం. టప్, టప్, టప్. పాలలాంటి గుండు పప్పుని మిషన్ గాలి కొట్టి పనికిరాని డబ్బాలోకి తోసేస్తోంది. మంచి డబ్బాలో ఒక్క పలుకు లేదు.

"ఏటి బాబూ, అంతా పారేత్తంది?" అంది ముప్పై ఏళ్లుగా పప్పు ఏరుతున్న అప్పలమ్మ.

"కొత్త టెక్నాలజీ. దాని స్టాండర్డ్ ఎక్కువ" అన్నాను గంభీరంగా.

అప్పలమ్మ మిషన్ ఆపించి, తలుపు తీసి తొంగిచూసింది. "కళ్ల నిండా పసుపు మెత్తేసి తెలుపు సూడమంటే ఏటి సూత్తాది బాబూ?"

గాజు తుడిచాక పప్పు బుద్ధిగా మంచి డబ్బాలో పడింది. సాహు గారు నవ్వాపుకుంటూ ఆర్డరు ఇచ్చారు, ఒక్క షరతు మీద: పెద్దాయన మిషన్ దగ్గరికి రాకూడదు. సుజాత దాన్ని కాగితం మీద కూడా పెట్టించింది.

ఆ నెలలోనే పంపకాలు చేశాను. జలంత్రకోట కొబ్బరితోట అబ్బాయికి. ఫ్యాక్టరీ సుజాతకి. మిషన్ గది తాళంచెవి అప్పలమ్మకి. నాకు ఏమీ లేదు. మొన్న లోపలికి వెళ్లబోతే వాచ్‌మన్ విజిటర్ల పుస్తకం ముందుకు తోశాడు. 'వచ్చిన పని' అన్న గడిలో 'దర్శనం' అని రాశాను. అయినా రానివ్వలేదు.