పదకొండు తొడుగుల మనిషి

ఆదివారం పొద్దున సైకిల్ తొక్కడానికి తయారవ్వాలంటే మా ఆయనకి నలభై నిమిషాలు పడుతుంది. మా పెళ్ళికి తయారవ్వడానికి నాకు కూడా అంతసేపు పట్టలేదు. ముందు గదిలో బల్ల మీద అన్నీ వరసగా పరుచుకుంటారు. గడ్డం దాకా మూసుకునే హెల్మెట్, కళ్ళద్దాలు, మెడ పట్టీ, ఛాతీకి ఒక పలక, వీపుకి ఒక పలక, మోచేతి ప్యాడ్లు, మణికట్టు తొడుగులు, గ్లవ్స్, దూది కుట్టిన నిక్కరు, మోకాలి ప్యాడ్లు, చీలమండ తొడుగులు. మొత్తం పదకొండు. అన్నీ తగిలించుకున్నాక నడవలేక నడుస్తూ వచ్చి, "ఏమోయ్, వెనకాల ఆ పట్టీ కొంచెం లాగు" అంటారు. నేను లాగుతాను. ఆ పట్టీ కుట్టింది కూడా నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి లేదు.

మా ఊరి వెనక కొండ ఉంది. ఒకప్పుడు రాళ్ళు కొట్టిన చోట ఇప్పుడు జనం సైకిళ్ళు తొక్కుతారు. లావు టైర్లు, ముందు స్ప్రింగులూ ఉండే కొండ సైకిళ్ళు. పైదాకా ఎక్కాక, దిగేటప్పుడు ఒక ఏటవాలు వస్తుంది. దాన్ని అందరూ జారుడుబల్ల అంటారు. చూస్తేనే నా గుండె జారుతుంది కాబట్టి ఆ పేరుతో నాకు పేచీ లేదు. అక్కడికి వచ్చేవాళ్ళలో మా ఆయనంత పకడ్బందీగా వచ్చేవాళ్ళు ఇంకొకరు లేరు. అందుకే ఆయన్ని అందరూ బీరువా గారు అంటారు. ఆ బీరువా గారు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా జారుడుబల్ల మీద సైకిల్ తొక్కలేదు. అక్కడికి రాగానే దిగి, హ్యాండిల్ పట్టుకుని, పక్కనున్న మెట్ల దారిలో నడిపించుకుంటూ కిందికి వస్తారు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేనివాళ్ళు పక్కనుంచి రయ్యిమని దిగిపోతుంటారు.

ఇదంతా ఆయన ఉద్యోగం వల్ల వచ్చింది. ఆస్పత్రిలో పిండికట్లు వేసే గది ఆయనది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. దూది చుట్ట విప్పడం, పట్టీ గోరువెచ్చటి నీళ్ళలో ముంచడం, బుడగలు ఆగాక తీసి పిండడం, ఆరేలోపు చుట్టేయడం. కట్టు తీసే చిన్న రంపం చూసి జడుసుకునేవాళ్ళకి దాన్ని తన అరచేతి మీద ఆనించి చూపిస్తారు. అది గట్టిగా ఉన్నదాన్ని కోస్తుంది గాని చర్మాన్ని కోయదట. ఇంత ఓర్పు ఇంట్లో పెరుగు గిన్నె మూత వెతకడంలో మాత్రం కనిపించదు.

ఆ గదిలో ఆయనకొక నోట్‌బుక్ ఉంది. ఆస్పత్రి వాళ్ళది కాదు, సొంతం. సైకిల్ మీంచి పడి వచ్చిన ప్రతివాళ్ళనీ కట్టు ఆరుతుండగా అడుగుతారు, ఎక్కడ పడ్డారు, ఏం వేసుకున్నారు అని. అడిగి రాసుకుంటారు. అడ్డంగా మూడు గడులు: మనిషి, వేసుకున్నది, విరిగింది. రాసుకుని ఊరుకుంటే ఏ గొడవా లేదు. బేకరీ ఆయన రెండు మణికట్లూ విరగ్గొట్టుకుని రెండు నెలలు పిండి కలపలేకపోయాడని తెలిసిన వారానికి మా ఇంటికి మణికట్టు తొడుగులు వచ్చాయి. డ్రాయింగు టీచరు చీలమండ విరిగింది, చీలమండ తొడుగులు వచ్చాయి. అలా ఊళ్ళోవాళ్ళ ఎముకలన్నీ ఒక్కొక్కటిగా మా ఆయన ఒంటి మీదికి చేరాయి.

తన ఒక్కడి ఒంటి మీదే అయితే నేను నవ్వుకుని ఊరుకునేదాన్ని. మా అమ్మాయికి కూడా అవే పదకొండు. అది పదమూడో ఏట కొండ సైకిల్ కావాలని చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, ఈయన రెండు కొన్నారు. ఒకటి దానికి, ఒకటి దాని వెనకాల వెళ్ళడానికి తనకి. అది పెరిగినప్పుడల్లా ఆ పదకొండింటికీ పట్టీలు విప్పి మళ్ళీ కుట్టడం నా వంతు. నేను కర్టెన్లు, సోఫా కవర్లు కుడతాను, చిరిగినవి బాగుచేస్తాను. మా మిషన్ మీద ఆ నాలుగేళ్ళలో కర్టెన్ల కంటే మోకాళ్ళే ఎక్కువ వెళ్ళాయి.

అమ్మాయికి ఇప్పుడు పదిహేడు. మొన్న ఎండల్లో ఒక ఆదివారం ఇద్దరూ మామూలు కంటే ముందే తిరిగొచ్చారు. అమ్మాయి మొహం కందగడ్డలా ఉంది. కొండ పైకెక్కేసరికి ఉక్కకి కళ్ళు తిరిగి వాంతి చేసుకుందట. మెడ పట్టీ వల్ల పక్కకి చూడలేక పొదలోకి వెళ్ళిపోయిందట. ఆ పైన జారుడుబల్ల దగ్గర తన స్నేహితులంతా చూస్తుండగా మెట్ల దారిలో సైకిల్ నడిపించుకుంటూ దిగింది. స్నానం చేసి వచ్చి, భోజనాల దగ్గర తల వంచుకుని చెప్పింది.

"నాన్నా, వచ్చే వారం నుంచి నేను మా వాళ్ళతో వెళ్తాను. నువ్వు రావద్దు."

"హెల్మెట్ ఒక్కటి పెట్టుకుని దిగేవాళ్ళతోనా?"

"వాళ్ళకేం కాలేదుగా."

"ఇంకా కాలేదు."

"నువ్వు ఎప్పుడూ ఇంతే" అని కంచం తీసుకుని లేచిపోయింది.

మా ఆయన తన కంచం తనే కడుక్కుని, ముందు గదిలోకి వెళ్ళి అమ్మాయి మోకాలి ప్యాడ్ల పట్టీలు అంటుకుంటున్నాయో లేదో ఒకటికి పదిసార్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ మనిషికి స్నేహితులు లేరు, సినిమా పిచ్చి లేదు, పేకాట రాదు. వారం మొత్తంలో తనకంటూ ఉన్నది ఆ ఆదివారం పొద్దున ఒక్కటే. కొండ ఎక్కుతూ అది ముందు, ఈయన వెనక, దాని కబుర్లు వింటూ. ఆ ఆదివారం కూడా పోతోందని ఆయనకి అర్థమైంది. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది, ఇద్దరి మీదా జాలి వేసింది.

మూడు రోజులు ఇద్దరూ వేరువేరుగా తిన్నారు. నాలుగో రోజు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆస్పత్రికి వెళ్తే ఆ గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకరికి చెయ్యి, ఒకరికి కాలు, ఒకరికి రెండూ. మా ఆయన నా వైపు తిరిగి, "చూశావా, ఈ వారం ముగ్గురు" అన్నారు. అదేదో తన వాదన గెలిచినట్టు.

నాకు అక్కడే నోరు లేచింది. "నా మిషన్ దగ్గరకి బాగుచేయమని వచ్చే కర్టెన్లన్నీ చిరిగినవే. అంతమాత్రాన ఊళ్ళో ఉన్న కర్టెన్లన్నీ చిరిగిపోయాయని నేను అనుకుంటున్నానా? మీ గదికి విరగ్గొట్టుకున్నవాళ్ళే వస్తారు. జారుడుబల్ల దిగి, ఇంటికెళ్ళి, స్నానం చేసి పడుకున్నవాడికి మీతో ఏం పని? వాడి పేరు మీ నోట్‌బుక్‌లో ఏ గడిలో రాశారు?"

రెండూ విరిగినాయన కట్టు చేత్తోనే నోరు మూసుకుని నవ్వాడు. మా ఆయన పట్టీ నీళ్ళలోనే వదిలేసి నన్ను చూస్తూ ఉండిపోయారు. పట్టీ నానిపోయి పనికిరాకుండా పోయింది. ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి అని తరవాత చెప్పారు.

ఆ ఆదివారం ముగ్గురం సైకిళ్ళు లేకుండా వెళ్ళి జారుడుబల్ల అడుగున ఒక బండ మీద కూర్చున్నాం. తాడో పేడో తేల్చుకోవాలని నేనే ఇద్దరినీ లాక్కెళ్ళాను. అమ్మాయి మొహం మాడ్చుకునే వచ్చింది. ఈయన మామూలు చొక్కాలో, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నారు. ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా దిగిన ప్రతివాళ్ళనీ రాశారు. అరవై ఒక్క మంది దిగారు. ఐదుగురు పడ్డారు. ముగ్గురికి అరచేతులు గీరుకున్నాయి, ఇద్దరికి మోకాళ్ళు. వాళ్ళలో ఒకాయన తల నేలకి కొట్టుకుని హెల్మెట్ చీలింది. ఆయన లేచి కూర్చుని, నా కళ్ళజోడు ఎక్కడుందో చూడండి అన్నాడు. ఎముక ఒక్కటి కూడా విరగలేదు. హెల్మెట్ లేకుండా వచ్చిన ఒకణ్ణి మాత్రం మా ఆయన పైనుంచి దిగనివ్వలేదు. బండ మీంచి లేచి, మెట్లన్నీ ఎక్కి వెళ్ళి, వాడి హ్యాండిల్ పట్టుకుని నడిపించి మరీ కిందికి తెచ్చారు.

లెక్క కూడడానికి అమ్మాయి నోట్‌బుక్ తీసుకుంది. కూడింది. ఊరికే వెనక్కి తిప్పుకుంటూ పోయి మొదటి పేజీ దగ్గర ఆగిపోయింది.

నాకు తెలుసు ఆ పేజీలో ఏముందో. 'ఆడపిల్ల, తొమ్మిదేళ్ళు. ఇంటి ముందు వీధి. వేసుకున్నది: పసుపు గౌను. చెప్పులు లేవు. విరిగింది: కాలర్ బోన్, ఎడమ.' చిన్న సైకిల్ మీంచి పడిన రోజు అది. ఆస్పత్రిలో వేరే ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఈయనే వీపు మీద ఎనిమిది అంకెలా పట్టీ చుట్టారు. చుట్టినంతసేపూ దానికి కథ చెబుతూనే ఉన్నారు. నేను పిల్లని ఎత్తుకుని బయటికి వచ్చాక చాలాసేపటిదాకా ఆయన రాలేదు. వెళ్ళి చూస్తే నీళ్ళ తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని, మిగిలిన పట్టీని విప్పుతూ మళ్ళీ చుడుతూ ఉన్నారు. ఆ నోట్‌బుక్ మర్నాడు కొన్నారు.

అమ్మాయి ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుంది. అలాగే అడిగింది.

"నాన్నా, ఈ పుస్తకం నాతో మొదలెట్టావా?"

"మరి ఎవరితో మొదలెట్టను" అన్నారు ఈయన.

అది పుస్తకం మూసి ఆయన ఒళ్ళో పెట్టింది. తరవాత ఈయనే అన్నారు, "మెడ పట్టీ వద్దులే. పక్కకి చూడలేకపోతే అదే ప్రమాదం. పలకలు కూడా వద్దు, ఉక్క. హెల్మెట్ మాత్రం గడ్డం దాకా ఉన్నదే. గ్లవ్స్, మోకాళ్ళవి. మూడు చాలు."

"మోచేతులవి కూడా పెట్టుకుంటాలే" అంది అది.

"అక్కర్లేదమ్మడూ, చెమట పోస్తుంది."

"పోయనీ, పెట్టుకుంటాను."

వారం కింద పదకొండింటికీ పేచీ పడినవాళ్ళు, ఇప్పుడు మూడా నాలుగా అని ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడానికి పోట్లాడుకుంటున్నారు. నాలుగు అని నేను తీర్పు చెప్పి లేపాను.

మరుసటి ఆదివారం పొద్దున మా ఆయన అలవాటు ప్రకారం నలభై నిమిషాలు పట్టి పదకొండూ తగిలించుకున్నారు. అమ్మాయీ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. నేను నడిచి ఎక్కాను. పైన జారుడుబల్ల మొదట్లో ఆగి, ఈయన ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టారు. మెడ పట్టీ, ఛాతీ పలక, వీపు పలక, మణికట్టువి, చీలమండవి. విప్పి నాకు ఇచ్చారు. రెండు చేతుల్లో పట్టవు. మోయడానికి తేలిక దారి తొడుక్కోవడమే కాబట్టి తొడుక్కున్నాను. పక్కనుంచి వెళ్తున్న ఒకాయన నన్ను చూసి, "ఏం బీరువా గారూ, ఇవాళ పొట్టిగా ఉన్నారు" అన్నాడు.

అమ్మాయి అంది, "నేను ముందు వెళ్తాను నాన్నా. నువ్వు మెట్ల మీంచి రా, ఫరవాలేదు."

"కాదు. ముందు నేను దిగుతాను" అన్నారు ఈయన. "నువ్వు దిగేసరికి కింద నేనుండాలి."

నాలుగేళ్ళలో ఏ సరదా కోసమూ చేయని పని ఆయన అలా చేశారు. వెళ్ళేముందు ఒకసారి అమ్మాయి హెల్మెట్ బకిల్ లాగి చూశారు. తరవాత కదిలారు. దాన్ని దిగడం అనరు. బ్రేకులు కీచుమంటుంటే, రెండుసార్లు కాలు నేలకి ఆనించి, ముసలి గుర్రాన్ని నీళ్ళకి తోలుకెళ్ళినట్టు తోలుకెళ్ళారు. నేను మెట్ల మీద ఆయనతో సమానంగా నడవగలిగాను. అడుగుకి చేరి, సైకిల్ పూర్తిగా ఆగిపోయాక, దిగబోయి పక్కకి పడ్డారు. నేను రెండు మెట్లు ఒకేసారి దిగాను. ఆయన మాత్రం పడ్డట్టు కూడా తెలియనట్టు లేచి, సైకిల్ అక్కడే వదిలేసి, ఏటవాలుకి ఎదురుగా కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చాపి నిలబడ్డారు. పై నుంచి వచ్చే పదిహేడేళ్ళ పిల్లని, సైకిల్‌తో సహా, చేతుల్లో పట్టుకుందామని.

అది కదిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది కింద, ఆయన పక్కనుంచి దూసుకెళ్ళి, గుండ్రంగా తిరిగి వెనక్కి వచ్చి ఆగింది. ఈయన ఇంకా పైకే చూస్తున్నారు, చేతులు చాపే ఉన్నాయి.

"నాన్నా, వచ్చేశాను. చేతులు దించు" అంది అది, మెల్లగా.

ఇంటికొచ్చి సాయంత్రం ఆయన నోట్‌బుక్ తీశారు. కొత్త పేజీలో రాశారు. 'ఆడపిల్ల, పదిహేడేళ్ళు. జారుడుబల్ల. వేసుకున్నవి: నాలుగు.' విరిగింది అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, 'ఏమీ లేదు' అని రాసి, మొహం కడుక్కోవడానికి లేచి వెళ్ళారు. నడకలో కొంచెం కుంటుతున్నారు. ఆ సంగతి రాయలేదు.

అది నేను రాశాను, కింద వరసలో. 'మగమనిషి, నలభై తొమ్మిదేళ్ళు. చీలమండ దగ్గర చర్మం లేచింది. తొడుగులు వేసుకోలేదు. అవి భార్య కాళ్ళకి ఉన్నాయి.'